నిద్రమాత్రల లెక్క దాచితే మొదటికే మోసం

డాక్టరు దగ్గర, వకీలు దగ్గర నిజం దాచకూడదని పెద్దలంటారు. నిద్రమాత్రల విషయంలో మాత్రం ఈ మాటను పాటించేవారు తక్కువ. అల్ప్రాజోలం, డయాజిపాం వంటి మాత్రలు రాసిన డాక్టరు తర్వాత ఎప్పుడైనా "ఎన్ని వేసుకుంటున్నారు?" అని అడిగితే, "మీరు రాసినన్నే" అనే జవాబు వస్తుంది. నిద్ర పట్టని రాత్రి వేసుకున్న రెండో మాత్ర ఆ లెక్కలోకి రాదు. పొరుగువారు ఇచ్చినవి, పాత చీటీ చూపి కొన్నవి అసలే రావు.

ఇదంతా అబద్ధమని రోగులను నిందించడం న్యాయం కాదు. మత్తుకు మరిగాడంటారేమోనని కొందరికి భయం. డాక్టరు కోప్పడతాడేమోనని మరికొందరికి బెరుకు. పైగా ఈ మాత్రలు మతిమరుపు తెస్తాయి. వేసుకున్న సంగతి మరిచి మళ్లీ వేసుకునే వృద్ధులున్నారు.

తెలంగాణ పల్లెల్లో ఇంకొక చిక్కు ఉంది. కల్తీ కల్లులో కలిపేది కూడా ఈ అల్ప్రాజోలం, డయాజిపాములనే. అటువంటి కల్లు తాగే రోగి మాత్రల సంగతి నిజమే చెప్పినా, ఒంట్లోకి పోయిన మందు లెక్క వేరు. 2015లో కల్తీ కల్లును అరికట్టినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఎందరో వింతగా ప్రవర్తిస్తూ, ఫిట్స్‌తో ఆస్పత్రుల పాలయ్యారు. తమ ఒంటికి ఏ మందు అలవాటైందో వారిలో చాలామందికి తెలియదు.

లెక్క తప్పితే చికిత్స తప్పుతుంది. ఎక్కువ వాడుతున్న మనిషికి మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. తక్కువే వాడుతున్నాడనుకుని మోతాదు పెంచితే, దానికి సారా తోడైతే, శ్వాస మందగించి ప్రాణం మీదికి వస్తుంది. ఆపరేషన్‌కు మత్తు ఇచ్చే డాక్టరుకూ ఈ లెక్క అవసరమే. మూత్రపరీక్షలో అంతా తేలుతుందనుకోరాదు. మామూలు పరీక్షలకు క్లోనాజిపాం, లోరాజిపాం వంటివి ఒక్కోసారి అందవు. కనుక రోగి నోటిమాటకు విలువ తగ్గలేదు.

ఆ మాట నిజంగా రావాలంటే ముందు డాక్టర్ల తీరు మారాలి. గద్దించక, "గడిచిన వారంలో ఎన్ని వేసుకున్నారు? కల్లు తాగుతారా?" అని నెమ్మదిగా అడగాలి. 2013లో వచ్చిన షెడ్యూలు హెచ్‌1 నిబంధన ప్రకారం అల్ప్రాజోలం, డయాజిపాం అమ్మే మందుల షాపువారు రోగి పేరు, డాక్టరు పేరు, ఇచ్చిన పరిమాణం రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. ఆ రిజిస్టర్లు సరిగా ఉన్నదీ లేనిదీ డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు గ్రామీణ షాపుల్లోనూ తనిఖీ చేయాలి.

గ్రామస్థులు చేయవలసిందీ ఉంది. ఆస్పత్రికి పోయేటప్పుడు ఖాళీ అయిన మాత్రల అట్టలతో సహా అన్నీ సంచిలో వేసుకుపోవాలి. మాత్రలు మానదలచినవారు తమంతట తామే ఆపక, డాక్టరు సలహాతో క్రమంగా తగ్గించుకోవాలి. లెక్క చెప్పడంలో సిగ్గు లేదు. దాచడంలోనే ముప్పు ఉంది.