భుజబలం సరే, కాగితాల బలమేదీ?

హజ్‌కు వెళ్ళే పెద్దలను సాగనంపడానికి శంషాబాద్ విమానాశ్రయం దాకా వెళ్ళడం మన కుటుంబాలకు అలవాటే. పూలదండలు వేసి, దువా అడిగి, కళ్ళు తుడుచుకుంటూ వెనుదిరుగుతాము. లోపలికి వెళ్ళిన ఆ పెట్టెలను విమానంలోకి చేర్చే చేతులు ఎవరివో మాత్రం ఆలోచించము. ఆ చేతులు మన పిల్లలవి ఎందుకు కాకూడదన్నదే ఈ నెల మా ప్రశ్న.

2008 మార్చిలో విమానాలు బేగంపేట నుండి శంషాబాద్‌కు తరలిన నాటి నుండి పహాడీ షరీఫ్, షాహీన్‌నగర్, జల్‌పల్లి బస్తీల పిల్లలు వాటిని చూస్తూనే పెరిగారు. ఆ ప్రహరీ లోపల పదవ తరగతితో దొరికే ఉద్యోగాలు కూడా ఉన్నాయని వారికి చెప్పినవారు తక్కువ. విమానం నిలిచే చోటును ర్యాంపు అంటారు. అక్కడ సామాను ఎక్కించి దించడానికి, ట్రాలీలు లాగడానికి, చక్రాలకు అడ్డుదిమ్మెలు వేయడానికి మనుషులు కావాలి. ప్రభుత్వ రంగానికి చెందిన ఏఐ ఎయిర్‌పోర్ట్ సర్వీసెస్ సంస్థ గతంలో ఇచ్చిన ప్రకటనలలో హ్యాండీమ్యాన్ పోస్టుకు అడిగిన అర్హత పదవ తరగతి, ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోగల శక్తి. ర్యాంపు డ్రైవరుకైతే అదనంగా హెవీ వాహనాల లైసెన్సు ఉండాలి. ఇవి గడువుతో కూడిన కాంట్రాక్టు ఉద్యోగాలే.

ఇది సుఖమైన కొలువని మేము చెప్పము. చిన్న విమానాలలో సామాను అరలోకి వంగి దూరి, పెట్టెలను ఒక్కొక్కటిగా పేర్చవలసి ఉంటుంది. ఒక్కో పెట్టె 32 కిలోల వరకు తూగవచ్చు. మే నెల ఎండ, రాత్రి డ్యూటీలు, చెవులు చిల్లులుపడే ఇంజన్ల మోత తప్పవు. అయినా నెల తిరగగానే జీతం, పి.ఎఫ్., ఈ.ఎస్.ఐ. ఉన్న పనికి విలువ ఉంది. ముస్లింలలో నెలజీతపు ఉద్యోగుల వాటా తక్కువనీ, స్వయం ఉపాధి మీదనే ఎక్కువగా ఆధారపడి ఉన్నారనీ సచార్ కమిటీ 2006లోనే తేల్చింది. ఆ లోటు తీరాలంటే ఇటువంటి చిన్న ద్వారాలను కూడా తట్టవలసిందే.

అయితే ఈ ద్వారం భుజబలంతో మాత్రమే తెరుచుకోదు. ఎంపికైన వ్యక్తికి విమానాశ్రయ ప్రవేశ పాసు కావాలి. పౌర విమానయాన భద్రతా సంస్థ నిబంధనల ప్రకారం అతని పూర్వాపరాలపై పోలీసు విచారణ జరుగుతుంది, భద్రతా శిక్షణ కూడా ఉంటుంది. చాలామంది మన పిల్లలు ఆగిపోయేది ఇక్కడే. దశాబ్దాలు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఫైళ్ళు చూసిన అనుభవంతో చెబుతున్నాము: పదవ తరగతి మెమోలో 'మొహమ్మద్', ఆధార్‌లో 'ఎండీ', రేషన్ కార్డులో 'మహ్మద్'. ఇంటివారికి అది ఒకే పేరు. ఫైలుకు ముగ్గురు మనుషులు. 'షేక్', 'ఎస్‌.కె.'ల కథ కూడా ఇదే.

కనుక పదవ తరగతి మెమోను మూలంగా పెట్టుకుని మిగిలినవన్నీ దానికి సరిచేయించండి. ఆధార్‌లో పేరు మార్పుకు సాధారణంగా రెండే అవకాశాలు ఉంటాయి. తొందరపడి ఒకటి వృథా చేసుకోకండి. అద్దె ఇల్లు మారినప్పుడల్లా చిరునామా మార్పించండి. విచారణకు వచ్చిన పోలీసుకు పాత ఇంట్లో తాళం కనబడితే నష్టం మీదే. కేసు ఏదైనా ఉంటే దాచకండి. కొట్టివేసిన కేసైతే తీర్పు ప్రతిని జతచేయండి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్నంత మాత్రాన కేంద్ర ఓబీసీ జాబితాలో ఉన్నట్టు కాదని కూడా గుర్తుంచుకోండి. పాసు ఇప్పిస్తామంటూ డబ్బు అడిగే దళారీ ఎవరైనా, ఎంత దగ్గరివాడైనా, దండం పెట్టి పంపించండి.

"మన పేరు చూస్తే ఎవరిస్తారు చాచా?" అని మా బస్తీ యువకుడొకడు దరఖాస్తు ఫారం తిరిగి ఇచ్చేశాడు. ఆ భయం నిరాధారమని మేము అనము. పేరు చూసి ముఖం మార్చుకున్న బల్లలను మేమూ చూశాము. కానీ దరఖాస్తే పెట్టనివానికి అన్యాయం జరిగిందని చూపడానికి కాగితం ముక్క కూడా మిగలదు. దరఖాస్తు పెట్టినవానికి రసీదు ఉంటుంది, తేదీ ఉంటుంది. విచారణ ఏ బల్ల మీద ఆగిందో 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడిగే అవకాశమూ ఉంటుంది. హక్కుల పోరాటం ఆ రసీదుతోనే మొదలవుతుంది.

భద్రతా విచారణ వద్దని మేము కోరడం లేదు. విమానం ఎక్కేది మన తల్లిదండ్రులే. విచారణ వ్యక్తి నడతను చూడాలి, అతని పేరునూ బస్తీనీ కాదు. గడువులోగా ముగియాలి. నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. ప్రభుత్వాన్ని మేము అడిగేది ఇంతే.

మనల్ని మనం అడుగవలసింది కూడా ఒకటి ఉంది. మస్జిద్ కమిటీలు జుమా నమాజు తరువాత ఒక గంట, ఒక బల్ల, రెండు కుర్చీలు కేటాయించలేవా? మా వంటి రిటైరైన గుమాస్తాలు ప్రతి బస్తీలోనూ ఉన్నారు. ఫారాలు నింపడం, పేర్లు సరిపోల్చడం మాకు వచ్చిన విద్య. పిల్లలను పంపండి, మెమో, ఆధార్ వెంట తెమ్మనండి. మిగిలిన పని కలిసి చేద్దాము.