టైరు చారను కొలవకుండా ‘అతివేగం’ అని వ్రాయకండి

రోడ్డు దాటుతున్న మనిషిని కారు ఢీకొంటే మరునాడు పత్రికలోనూ, పోలీసు కాగితంలోనూ అవే రెండు మాటలు: అతివేగం, అజాగ్రత్త. ఎంత వేగం? ఎవరు కొలిచారు? థర్మామీటరు పెట్టకుండా ‘ఒళ్ళు బాగా కాలుతున్నది’ అని కేసు షీటులో వ్రాసే వైద్యుణ్ణి మీరు ఒప్పుకుంటారా?

ఇక్కడ థర్మామీటరు రోడ్డుమీదే ఉన్నది. బ్రేకు గట్టిగా పడి చక్రాలు బిగుసుకుంటే టైర్లు నల్లని చారలు వదలుతాయి. చదునైన రోడ్డుపై నాలుగు చక్రాలూ బిగుసుకున్నప్పుడు, చార పొడవును మీటర్లలో తీసుకొని ఘర్షణ గుణకంతోనూ, 254తోనూ గుణించి వర్గమూలం కడితే గంటకు ఎన్ని కిలోమీటర్లో తెలుస్తుంది. పొడి తారురోడ్డుకు గుణకం సుమారు 0.7. చార 20 మీటర్లయితే వేగం దాదాపు 60. 40 మీటర్లయితే 120 అనుకోకండి, 84. వాన పడి గుణకం 0.4కు దిగితే అదే 20 మీటర్ల చార 45 మాత్రమే చెబుతుంది. కాబట్టి రోడ్డు తడిగా ఉన్నదా, ఇసుక పరచుకొని ఉన్నదా, వాలుగా ఉన్నదా అన్నది వ్రాయని పంచనామా సగం పంచనామాయే.

ఇలా వచ్చినది కనీస వేగం. చార పడకముందే బ్రేకు కొంత వేగాన్ని తినివేసి ఉంటుంది.

అంతకన్నా ముఖ్యం, చారలో ఏ చోట మనిషికి దెబ్బ తగిలినదన్నది. చెప్పు రాచుకున్న గీత, చారలో చిన్న వంకర ఆ చోటును పట్టిస్తాయి. పై 20 మీటర్ల చారలో 12వ మీటరు వద్ద తగిలితే, మిగిలిన 8 మీటర్లను బట్టి తాకిడి వేగం సుమారు 38. ప్రాణాన్ని నిర్ణయించేది ఈ అంకె.

ఈ కొలత లేకపోతే ఏమవుతుంది? కర్ణాటకకు చెందిన ఒక లారీ కేసులో 1998లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది: ‘ఎక్కువ వేగం’ అన్న సాక్షి మాట ఒక్కటే నిర్లక్ష్యాన్ని రుజువు చేయదు. నిందితుడు విడుదలయ్యాడు. కోర్టును తప్పుపట్టను, టేపు తీయని చేతులనే తప్పుపడతాను.

మా వృత్తినీ వదలను. బంపరు తగిలి కాలి ఎముక విరిగితే ఆ విరుపు మడమ నుండి ఎన్ని సెంటీమీటర్ల ఎత్తున ఉన్నదో పోస్టుమార్టం నివేదికలో ఉండాలి. బ్రేకు వేసినప్పుడు కారు ముక్కు క్రిందికి వంగుతుంది. విరుపు బంపరు ఎత్తుకన్నా దిగువన ఉంటే డ్రైవరు బ్రేకు వేశాడని ఊహించవచ్చు. చెప్పుల మందం, అడుగు వేసిన తీరు దీనిని మార్చగలవు కనుక చారతో సరిపోల్చాలి. ‘కుడికాలు విరిగినది’ అని ముగిస్తే సరిపోల్చడానికి ఏమున్నది?

“ఏబీఎస్ బండ్లకు చారలెక్కడివి డాక్టరుగారూ?” అంటారు. పలుచగా, తెగితెగి పడతాయి, త్వరగా చెరిగిపోతాయి. అందుకే త్వరగా కొలవాలి. చార లేనంత మాత్రాన వేగం లేదని వాదించడం మరీ అన్యాయం. అసలు బ్రేకే వేయనివాడు కూడా చార వదలడు.

మీరు అక్కడ ఉంటే ముందు 108కి ఫోను చేయండి. క్షతగాత్రుణ్ణి పంపిన తరువాత, ట్రాఫిక్ నుండి ప్రక్కకు నిలబడి, చార మొదలు, చివర, ప్రక్కనున్న కిలోమీటరు రాయో స్తంభమో కలిసివచ్చేలా ఫోటోలు తీసి పోలీసులకు ఇవ్వండి. మృతుని బంధువులైతే స్థల పటం నకలు అడిగి, అందులో మీటర్లు ఉన్నవో లేవో చూడండి.