చిత్రగుప్తుని చిట్టా

చచ్చినవాళ్లకూ ఒక సర్కారుంది. రాజు యముడు, గుమాస్తా చిత్రగుప్తుడు, జవాన్లు యమభటులు. తెలుగు సినిమా ఆ సర్కారును మన పాత తాలూకా కచేరీలా చూపించి నవ్వించింది. కాకినాడలో పుట్టిన సి. పుల్లయ్యగారి ‘దేవాంతకుడు’ (1960) మొదలు అదే వరస. ‘యమగోల’ (1977)లో మన పాలకొల్లు అల్లు రామలింగయ్యగారు చిత్రగుప్తుడు. రామారావుగారు అక్కడికెళ్లి యమభటులచేత యూనియన్ పెట్టించి సమ్మె చేయిస్తారు!

నవ్వు సరే, నీతి కూడా ఉంది. ‘యముడికి మొగుడు’ (1988)లో ఆయువు తీరకుండానే తీసుకొచ్చారని హీరో నిలదీస్తాడు. తప్పు దిద్దక తప్పలేదు యముడికి. పాత దేహం కాలిపోతే, వేరే దేహంలో మళ్లీ మనుషుల్లోకి పంపిస్తాడు.

మరి మన సంగతి? పింఛను పుచ్చుకునే పెద్దవాళ్లు బతికే ఉన్నామని ఏటా సర్టిఫికెట్టివ్వాలి. దొంగ లెక్కలు ఆపడానికి అది అవసరమే కావచ్చు. కాని కాగితం మీద పొరపాటున చచ్చినవాడు ఎవరిని నిలదీయాలి? ఎదురుగా మనిషి నిలబడి ఉన్నా చిట్టానే నమ్మే గుమాస్తా చిత్రగుప్తుడికంటే కఠినుడు కాదూ?

మిత్రులారా! రేపు ఆ కుర్చీల్లో కూర్చునేది మనమే. చిట్టా తప్పయితే చిట్టానే దిద్దుదాం, మనిషిని కొట్టివేయవద్దు.