ఊరి పటం ఊరి చేతికి రావాలి

పొలం రైతుది, పటం మాత్రం సర్కారుది. ఈ ఏర్పాటు రైతాంగానికి ఎంత ఖరీదు పడుతోందో రెండు తెలుగు రాష్ట్రాల రైతులూ అనుభవిస్తూనే ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో డ్రోన్లతో, రోవర్లతో రీసర్వే మొదలుపెట్టారు. పాత సర్వే నంబర్లు పోయి ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. విడివిడిగా సాగు చేసుకునే అన్నదమ్ములను, ఇరుగుపొరుగు రైతులను ఒకే జాయింట్ ఎల్‌పీఎంలో కట్టేసిన ఊళ్లెన్నో. తెలంగాణలో 2020 అక్టోబరు 29న వచ్చిన ధరణి అసలు నక్షానే పక్కనపెట్టి, ఖాతాల మీదే నడిచింది. 2025లో భూభారతి వచ్చాక గానీ నక్షా మాట మళ్లీ వినిపించలేదు. ఒకచోట తప్పుల పటం, ఇంకోచోట పటమే లేని రికార్డు. రెండుచోట్లా ఆఫీసుల చుట్టూ తిరిగింది రైతే.

గీత కాస్త పక్కకు జరిగితే ఏమవుతుందిలే అనేవాళ్లు ఈ లెక్క చూడాలి. చదరంగా ఉన్న ఎకరం చేనుకు ఒక్కో వైపు సుమారు 63.6 మీటర్లు. ఒక గట్టు నాలుగు మీటర్లు లోపలికి జరిగితే పోయేది 254 చదరపు మీటర్లు. అంటే ఆరు సెంట్లకు పైనే, తెలంగాణ లెక్కలో రెండున్నర గుంటలు. కంప్యూటర్ తెరపై అది వెంట్రుకవాసి తేడా. ఎకరం రైతుకు అది మూడు తరాల తగాదా.

పైగా దీనికి గడువు ఉంది. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం ప్రకారం 13 నోటిఫికేషన్ వెలువడ్డాక, మూడేళ్లలోపు సివిల్ కోర్టుకు వెళ్లి మార్పించుకోకపోతే ఆ సరిహద్దే ఖాయం. పటం ఎలా ఉందో కూడా తెలియని రైతు గడువులోపు అభ్యంతరం ఎలా చెబుతాడు? ‘ఆన్‌లైన్‌లో పెట్టాం, చూసుకోండి’ అంటున్నారు. ఫోనులో కనిపించే ఆ బొమ్మను పాత ఎఫ్‌ఎంబీ మీద పరిచి పోల్చలేం, కొలవలేం. బొమ్మ చూపించడం వేరు, పటం ఇవ్వడం వేరు.

అందుకే అంటున్నాం: ప్రతి గ్రామ కమిటీ తన ఊరి డిజిటల్ పటాన్ని తానే తయారు చేసుకోవాలి, అందరూ చూసేలా ఆన్‌లైన్‌లో పెట్టాలి. ఇది నేరమేమోనన్న భయం అక్కర్లేదు. 2016లో కేంద్రం తెచ్చిన ముసాయిదా బిల్లు, అనుమతి లేకుండా పటం ప్రచురిస్తే వంద కోట్ల రూపాయల దాకా జరిమానా అంది. అది చట్టం కాలేదు. 2021 ఫిబ్రవరి 15న వచ్చిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం, రక్షణపరంగా నిషేధించిన వివరాలు తప్ప, పటాలు తయారు చేయడానికి, ప్రచురించడానికి భారతీయులకు ముందస్తు అనుమతి అవసరం లేదు. కంపెనీల కోసం తెరిచిన తలుపే కావచ్చు, రైతు ఆ తలుపులోంచి ఎందుకు వెళ్లకూడదు?

పని కూడా కొండంత కాదు. పాత గ్రామపటం, ఎఫ్‌ఎంబీ లేదా టిప్పన్ నకళ్లు తీసుకుని స్కాన్ చేయాలి. క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. ఊళ్లో కదలకుండా ఉన్న సర్వే రాళ్లు, మూడు ఊళ్ల సరిహద్దులు కలిసే రాయి, పాత బావి, తూము లాంటి గుర్తుల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని స్కాన్ చేసిన పటాన్ని వాటికి కట్టాలి. గుర్తులు నాలుగు మూలలా ఉండాలి. అన్నీ ఒకే పక్కన ఉంటే రెండో పక్క పటం సాగిపోతుంది. తర్వాత ఒక్కో గట్టు గీసి, తేలికైన ఫైలుగా మార్చి పెడితే మామూలు ఫోనులోనూ తెరుచుకుంటుంది. రీసర్వే పటం ఫైలు కోసం సమాచార హక్కు చట్టం కింద అడగాలి. ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న సమాచారాన్ని అదే రూపంలో పొందే హక్కు ఆ చట్టంలోనే ఉంది. రెండు పటాలూ ఒకదానిపై ఒకటి పరిస్తే గీత ఎక్కడ జరిగిందో ఊరంతటికీ కనిపిస్తుంది.

‘మీరు గీసిన గీతలతో కొత్త తగాదాలు పుడతాయి’ అని అధికారులు అంటారు. అందులో కొంత నిజముంది. ఫోను జీపీఎస్ కొన్ని మీటర్లు తప్పుతుంది. దానితో గట్టు తేల్చబోతే పైన చెప్పిన ఆరు సెంట్ల తగాదాను మనమే తెచ్చిపెట్టినట్టు. కాబట్టి మన పటం హక్కుపత్రం కాదని దాని మీదే రాయాలి. ఏ గీత పాత ఎఫ్‌ఎంబీది, ఏది రీసర్వేది, ఏది ఫోనుతో తీసిందో వేర్వేరు రంగుల్లో చూపాలి. మన పటం తీర్పు చెప్పదు, ప్రశ్న అడుగుతుంది. ఆధారం చూపకుండా గీసే అలవాటు ఎవరిదో అధికారులే చెప్పాలి.

సర్కారు పటం వదిలేసేవాటిని మన పటం ఎక్కించాలి. ఆక్రమణలో కలిసిపోతున్న పుంతలు, డొంకలు, బండ్ల బాటలు, చెరువు శిఖం, పంటకాలువలు ఉండాలి. కౌలు సాగు ఎంత మేర ఉందో కూడా ఉండాలి. ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం భూయజమాని సంతకం లేనిదే కౌలు రైతును గుర్తించదు. పటమైనా ఆ సాగును చూపాలి. అయితే ఒక కట్టుబాటు తప్పదు. పట్టాదారు పేరు, ఫోను నంబరు, ఆధార్, అప్పుల వివరాలు, కౌలుదారు పేరు ఆన్‌లైన్‌లో పెట్టకూడదు. పెడితే ముందుగా చదివేది భూముల దళారీలే. కౌలుదారుకు ఆ పొలమే దక్కకుండా పోవచ్చు.

మన డిమాండ్లు మూడు. 13 నోటిఫికేషన్‌కు ముందే రీసర్వే పటాన్ని గ్రామసభలో పెద్ద కాగితంపై పరిచి, ఒక్కో నంబరూ చదివి వినిపించాలి. కొలవగలిగే ఫైలును పంచాయతీకి ఉచితంగా ఇవ్వాలి. జాయింట్ ఎల్‌పీఎంలను రైతులపై ఫీజు భారం లేకుండా విడగొట్టాలి. ఇవి సాధించేదాకా సర్కారు పని సర్కారు చేస్తుందని కూర్చుంటే గడువు దాటేది మనకే. ఈ నెల ప్రతి గ్రామ కమిటీ ఇద్దరు యువకులను, ఒక లాప్‌టాప్‌ను, ఊరి గట్లు ఎరిగిన ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టాలి. పని అక్కడ మొదలవ్వాలి.