గుండీలు కోసిన అంగీ

చిన్నప్పుడు నా బడి అంగీలన్నీ దొరింటి నుంచి వచ్చినవే. అవ్వ వాళ్ల పొలంలో ఏడాదంతా నాట్లేసి, కలుపు తీసి, పండక్కి ఓ పాత బట్టల మూట తెచ్చేది. ఒక ఏడు వచ్చిన అంగీకి ఒక్క గుండీ లేదు. ఊడిపోయినవి కావు, కత్తెరతో కోసుకున్నరు. మంచి గుండీలు, మళ్లీ పనికొస్తయి మరి. "ఇచ్చిందే ఎక్కువ, మాట్లాడకు బిడ్డా" అన్నది అవ్వ. ఆ ఏడంతా పిన్నీసులతోనే బడికి పోయిన.

పాత కార్ల వ్యాపారం గురించి చదువుతుంటే ఆ అంగీ యాదికొచ్చింది.

2015 నుంచి 2018 దాకా యూరప్, అమెరికా, జపాన్ కలిసి 1.4 కోట్ల పాత కార్లు, వ్యాన్లు బయటి దేశాలకు పంపినయని ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2020లో లెక్క చెప్పింది. అన్నిటికన్నా ఎక్కువ ఆఫ్రికాకే. అదే ఏడు నెదర్లాండ్స్ ప్రభుత్వ తనిఖీ శాఖ తమ రేవుల నుంచి ఆఫ్రికాకు పోయే బండ్లను చూసింది. చాలావాటికి 16 నుంచి 20 ఏళ్ల వయసు, రోడ్డు మీద తిరగడానికి చెల్లే సర్టిఫికెట్ కూడా లేదు. అంటే తమ వీధుల్లో నడపకూడని బండి అక్రా వీధుల్లో నడవొచ్చన్నమాట.

ఇంకో సంగతి. పొగ గొట్టంలో క్యాటలిటిక్ కన్వర్టర్ అని ఒకటుంటది. ఇంజిన్ నుంచి వచ్చే విషవాయువుల్ని చాలావరకు విరిచేస్తది. దాంట్లో ప్లాటినం, పల్లాడియం ఉంటయి కాబట్టి ఓడ ఎక్కించే ముందే కొందరు దాన్ని కోసేసుకుంటరు. గుండీలు వాళ్లకి, పొగ వీళ్లకి.

ఘనాలో విదేశీ పాతబట్టలకు 'ఒబ్రోని వావు' అని పేరుంది. చచ్చిపోయిన తెల్లోడి బట్టలు అని అర్థం. మా వాడలో ఇంత ధైర్యంగా పేరు పెట్టినోళ్లు లేరు.

"పేదోడికి చవగ్గా కారు దొరుకుతోంది కదా, మెకానిక్కులు బతుకుతున్నరు కదా" అంటరు. నిజమే. ఆ అంగీ లేకపోతే నేను బడికే పోకపోదును. అయినా గుండీలు కోసే హక్కు ఎవరిచ్చిన్రు? పైగా అంగీ ఊరికే ఇచ్చింది కాదు, ఏడాది చాకిరీకి వచ్చింది. కార్లూ అంతే, డబ్బులు పెట్టి కొనుక్కుంటున్నరు. దానం అన్న మాట ఇక్కడ ఎక్కడా అతకదు.

ప్రమాదకర చెత్తను దేశాలు దాటించకుండా 1989లో బాసెల్ ఒప్పందం రాసుకున్నరు. కానీ ఇంజిన్ స్టార్టయితే చాలు, అది చెత్త కాదు, 'వాడిన వస్తువు'. అక్కడ నాలుగేళ్లు తిరిగి మూలకు పడ్డాక దాని బ్యాటరీ సీసం, నల్లనూనె ఎవరి మట్టిలోకి పోతయో ఏ కాగితం అడగదు.

మన దేశం మాత్రం మూడేళ్లు దాటిన విదేశీ కారును మామూలుగా రానియ్యదు. లోపల సంగతి వేరే. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండి తిరగొద్దన్నరు, ఎన్‌ఓసీ తీసుకుని వేరే రాష్ట్రపోళ్లకు అమ్ముకోవచ్చన్నరు. మా చుట్టాలాయన అట్లాంటిదొకటి కొన్నడు. కొత్త నంబరొచ్చింది, పొగ పాతదే.

కెన్యా ఎనిమిదేళ్లు దాటిన బండిని దించుకోదు. పశ్చిమాఫ్రికా దేశాలు కలిసి 2020లో కొత్త ప్రమాణాలు ఒప్పుకున్నయి. తీసుకునేటోళ్లు తమ గుమ్మం దగ్గర కాపలా పెట్టుకున్నరు. పంపేటోళ్ల సంగతేంది? పనికిరాని బండి ఎగుమతి ఆపాలని యూరోపియన్ కమిషన్ ప్రతిపాదన పెట్టడానికే 2023 దాకా పట్టింది. తనిఖీ ఆంట్వెర్ప్ రేవులో, ఓడ ఎక్కకముందే జరగాలె. కన్వర్టర్ ఉన్నదా లేదా అని బండి కింద వంగి చూడాలె. లేకపోతే అమ్మేటోడే పెట్టించి పంపాలె, తన ఖర్చుతో.