శస్త్రచికిత్స తరువాత ముడుచుకోని కనుపాప

మంగంపేట నుండి ఒక తల్లి రాసిన ఉత్తరం సారాంశం ఇది:

“అస్సలాము అలైకుం. మా ఊరి ముగ్గురాయి గనుల సంగతి మీకు తెలిసిందే. ఎండ, దుమ్ము మాకు నిత్యం ఉండేవే. మా అబ్బాయికి చిన్ననాటి నుండి కళ్ళు దురద. ఎప్పుడూ నలుపుకుంటూ ఉండేవాడు. పంతొమ్మిదో ఏట రెండు కళ్ళకూ కెరటోకోనస్ అన్నారు. నిరుడు కుడి కంటికి నల్లగుడ్డు మార్పిడి జరిగింది. ఆ రాత్రి కన్ను విపరీతంగా నొప్పి పెట్టిందట, వాంతి కూడా అయిందట. పక్కనే పడుకున్న నన్ను లేపడం ఎందుకని వాడు ఓర్చుకున్నాడు. తెల్లవారి డాక్టర్లు చూసి, కంటిలో ఒత్తిడి బాగా పెరిగిందని చికిత్స చేశారు. ఇప్పుడు అక్షరాలు కనిపిస్తున్నాయి గాని, కనుపాప పెద్దదిగా విప్పారి అలాగే నిలిచిపోయింది. ఎండలోకి వెళితే కన్ను తెరవలేడు. రెండో కంటికి ఆపరేషను వద్దే వద్దంటున్నాడు. మేమేం చేయాలి?”

వ అలైకుముస్సలాం సోదరీ! ఉత్తరాన్ని బట్టి రోగనిర్ణయం చేయడం తగదు. అయితే మీరు వర్ణించిన లక్షణాలు వైద్యశాస్త్రంలో పేరున్న ఒక అరుదైన స్థితిని పోలి ఉన్నాయి. దానిని గురించి తెలుసుకుంటే మీ అబ్బాయి భయం కొంత తగ్గగలదని ఆశిస్తున్నాము.

కనుపాప ఒక రంధ్రం. దాని చుట్టూ ఐరిస్ అనే రంగు పొర ఉంటుంది. ఆ పొరలోని సన్నని కండరం వెలుతురులో కనుపాపను ముడుస్తుంది, చీకటిలో వదులు చేస్తుంది. 1963లో అర్జెంటీనా దేశపు నేత్రవైద్యుడు ఆల్బెర్టో ఉర్రెట్స్ జవాలియా, కెరటోకోనస్‌కు నల్లగుడ్డు మార్పిడి చేయించుకున్న కొందరిలో కనుపాప విప్పారి కదలకుండా ఉండిపోవడం, ఐరిస్ క్షీణించడం, కంటి ఒత్తిడి పెరగడం గమనించి ప్రకటించారు. నాటి నుండి ఆ స్థితిని ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. తరువాతి కాలంలో శుక్లాల ఆపరేషను, నీటికాసుల ఆపరేషను, కంటిలో గాలిబుడగ ఉంచి చేసే పొర మార్పిడి చికిత్సల తరువాత కూడా ఇది అక్కడక్కడ కనిపించింది.

కారణం ఇదమిత్థమని తేలలేదు. ఎక్కువమంది నిపుణులు అంగీకరించే వివరణ ఇది: కంటి లోపలి ఒత్తిడి మామూలుగా 10 నుండి 21 వరకు ఉంటుంది. శస్త్రచికిత్స తరువాత అది ఒక్కసారిగా బాగా పెరిగితే, ఐరిస్‌కు రక్తం అందించే సన్నని నాళాలు నొక్కుకుపోతాయి. రక్తం అందని కండరం దెబ్బతింటుంది. ఆపైన వెలుతురు ఎంత పడినా అది ముడుచుకోలేదు. కనుపాపను విప్పార్చే అట్రోపిన్ వంటి చుక్కల మందు కూడా కొందరిలో ఇందుకు తోడ్పడిందని మొదటి నుండి అనుమానించారు. ఏ పొరపాటూ జరగని చోట కూడా ఈ స్థితి వచ్చిన సందర్భాలున్నాయి. కనుక మిమ్మల్ని మీరు గాని, మరొకరిని గాని నిందించుకోకండి.

ఇక కుడి కంటి సంగతి. అక్షరాలు కనిపిస్తున్నాయంటే అమర్చిన నల్లగుడ్డు పని చేస్తున్నదన్నమాట. ఇది గొప్ప మేలు. కొందరిలో కొన్ని నెలల తరువాత కనుపాప కొంతవరకు తిరిగి ముడుచుకుంటుంది. అలా జరగకపోతే, మధ్యలో చిన్న రంధ్రం మాత్రమే వదిలి చుట్టూ రంగు వేసిన కాంటాక్ట్ లెన్సు ఎండ బాధను తగ్గిస్తుంది. అవసరమైతే ఐరిస్‌ను కుట్టి కనుపాపను చిన్నది చేసే శస్త్రచికిత్స కూడా ఉన్నది. అంతవరకు నల్ల కళ్ళద్దాలు, అంచున్న టోపీ వాడాలి. అన్నిటికంటే ముఖ్యం, కంటి ఒత్తిడిని క్రమం తప్పక పరీక్ష చేయించడం. ఒత్తిడి నిలకడగా ఎక్కువగా ఉంటే, నొప్పి లేకుండానే చూపు నరం దెబ్బతింటుంది.

ఎడమ కంటికి వెంటనే నల్లగుడ్డు మార్పిడే శరణ్యమని అనుకోనక్కరలేదు. వ్యాధి ఇంకా పెరుగుతున్న దశలో ఉండి, నల్లగుడ్డు మరీ పలుచబడకపోతే, రైబోఫ్లేవిన్ అనే విటమిన్ చుక్కలు వేసి అతినీలలోహిత కాంతి ప్రసరింపజేసే క్రాస్ లింకింగ్ చికిత్స దానిని అక్కడితో ఆపగలదు. గట్టి కాంటాక్ట్ లెన్సులతో ఎందరో ఏళ్ళ తరబడి చక్కగా చూడగలుగుతున్నారు. అన్నిటికీ ముందు కన్ను నలపడం మానాలి; దురదకు డాక్టరు ఇచ్చిన మందు వాడాలి. కార్నియా నిపుణుల వద్ద రెండో అభిప్రాయం తీసుకోండి. చెన్నైలోని శంకర నేత్రాలయ, హైదరాబాదులో 1987లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వంటి చోట్ల అటువంటివారు ఉన్నారు. మార్పిడి తప్పదంటే, కుడి కంటికి జరిగినదంతా కాగితాలతో సహా ముందే చూపించండి. అప్పుడు వైద్యులు ఒత్తిడి పట్ల మొదటి గంట నుండే జాగ్రత్త వహిస్తారు. వద్దనడం కంటే తెలిసి సిద్ధపడడం మేలని అబ్బాయికి నచ్చజెప్పండి.

మీ ఉత్తరంలో ప్రతి కుటుంబం గుర్తుంచుకోవలసిన మాట ఒకటున్నది: “ఓర్చుకున్నాడు.” సహనం గొప్ప గుణం. అయితే నొప్పిని దాచడం సహనం కాదు. కంటి ఆపరేషను తరువాత కొద్దిపాటి మంట, నీరు కారడం సహజం. కాని నొప్పి పెరుగుతూ పోవడం, అదే వైపు తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం ఒత్తిడి పెరిగిన గుర్తులు. అప్పుడు అర్ధరాత్రి అయినా నర్సును పిలవాలి, డాక్టరును లేపమనాలి. నరానికి ఎక్కించే మందుతో, మాత్రలతో ఒత్తిడిని దించవచ్చు. ఇటువంటి వేళ గంటలు కూడా విలువైనవే. రోగి వెంట ఉన్నవారు “ఎలా ఉంది?” అని పదేపదే అడగాలి, అతడు తనంతట చెబుతాడని ఎదురుచూడరాదు.

మరికొన్ని జాగ్రత్తలు. మరునాటి ఉదయపు పరీక్ష ఎట్టి పరిస్థితిలోనూ మానరాదు. ఇంట్లో మిగిలిన పాత చుక్కల మందు వేయరాదు. ప్రోస్టేట్ వాపుకు టామ్సులోసిన్ మాత్ర వాడే పెద్దలు శుక్లాల ఆపరేషనుకు ముందే ఆ విషయం చెప్పాలి. ఆ మందు వాడినవారిలో ఐరిస్ వదులై, ఆపరేషను మధ్యలో కనుపాప ముడుచుకుపోతుందని 2005లో వైద్యులు గుర్తించారు. మాత్ర ఆపినా ఆ ప్రభావం పూర్తిగా పోదు. ముందే తెలిస్తే వైద్యుడు తగిన ఏర్పాటు చేసుకుంటాడు.

వుజూ నీరు కంటిలో పడడం, సజ్దాకు తల వంచడం గురించి కూడా డాక్టరును అడగండి. గాలిబుడగ ఉంచినవారిని వెల్లకిల పడుకొమ్మంటారు. ఎన్ని రోజులు, ఎలా ఉండాలో వైద్యుని వద్ద తెలుసుకొని, ఆ స్థితిలో నమాజు ఎలా చేయాలో ఆలిమును అడగండి. రోగికి ధర్మం ఇచ్చిన వెసులుబాటును వాడుకోవడంలో తప్పు లేదు.

మీ అబ్బాయి కంటికి అల్లాహ్ స్వస్థత ప్రసాదించుగాక! ఎడమ కన్ను సంగతి ఏమైనదో మాకు తప్పక రాయండి.