హాప్స్ గుప్పిస్తే చాలునా?

ఇంట్లో బీరు కాచుకునే మిత్రుడెవరైనా తన ఇండియా పేల్ ఎయిల్ కుదరలేదని వాపోతే, అనుభవజ్ఞులు తడుముకోకుండా ఇచ్చే సలహా ఒక్కటే: "ఇంకాస్త హాప్స్ వెయ్యండి." ఈ సలహా తప్పు. అంతకన్నా, నేర్చుకునేవాణ్ణి నేర్చుకోనివ్వని సలహా అని నా వాదన. చారు బాగులేదంటే పోపు రెట్టింపు చెయ్యమన్నట్టుంది. పులుపు సరిపోయిందా, మరిగిందా అని అడిగే నాథుడే లేడు.

నేనూ ఆ సలహా పాటించి భంగపడ్డవాణ్ణే. అమెరికాలో ఇంటి వాడకానికి బీరు కాచుకోవడంపై ఉన్న అడ్డంకిని 1978 నాటి సమాఖ్య చట్టం తొలగించింది కనుక, మా గరాజులో నిర్భయంగానే పొయ్యి పెట్టాను. మాల్ట్ సారం డబ్బాలను కాదని, గింజలనే మరపట్టి, వేడినీళ్ళలో నానబెట్టి తీపినీరు తీశాను. 20 లీటర్లకు 5 కిలోల పేల్ మాల్ట్, అర కిలో క్రిస్టల్ మాల్ట్, 150 గ్రాముల కాస్కేడ్ హాప్స్. ఫలితం: నాలుకను పట్టుకుని వదలని చేదు, దాని అడుగున పాకంలాంటి మొద్దు తీపి. సలహా ప్రకారం హాప్స్ 200 గ్రాములు చేశాను, ఆపైన 250. పాత జబ్బు తగ్గలేదు సరికదా, పచ్చగడ్డి వాసన కొత్తగా వచ్చి చేరింది.

అప్పుడు బుద్ధి వచ్చి, ఒక్కో కాపులో ఒక్కటే మార్చాలని నియమం పెట్టుకున్నాను. మొదట క్రిస్టల్ మాల్ట్‌ను 150 గ్రాములకు తగ్గించాను. తీపి కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. తరువాత ఉష్ణమాపకాన్ని మరిగే నీటిలో ముంచి చూస్తే 96 చూపింది! అంటే నేను 65 డిగ్రీలనుకుని నానబెట్టినదంతా 69 దగ్గర నానింది. 65 దగ్గరైతే పిండిపదార్థం ఈస్ట్ తినగలిగే చక్కెరలుగా ఎక్కువగా విరుగుతుంది; 69 దగ్గర ఈస్ట్‌కు కొరుకుడుపడని డెక్స్‌ట్రిన్‌లు మిగిలిపోతాయి. నా మొద్దు తీపికి మూలం అదీ. ఆపై పులియబెట్టే పాత్రను 26 డిగ్రీల గరాజులోంచి 19 డిగ్రీల గదిలోకి మార్చాను. ఘాటైన సారా వాసన పోయింది. చివరికి హాప్స్‌ను మళ్ళీ 150 గ్రాములకే దించి, ఎక్కువ భాగాన్ని గంటసేపు మరిగించకుండా పొయ్యి ఆర్పే వేళకు వేశాను. చేదు శుభ్రపడింది, పరిమళం లేచింది. దోషం ఆసాంతం నాది. నింద మోసినవి హాప్స్.

చరిత్ర కూడా నా పక్షమే. భారతదేశానికి ఓడలో చేరాలని హాడ్జ్‌సన్ అనే లండన్ వ్యాపారి హాప్స్ దట్టించి ఈ బీరును కనిపెట్టాడన్నది ఇంపైన కథ మాత్రమే. ఎండ దేశాలకు పంపే బీరుకు హాప్స్ ఎక్కువ వెయ్యాలని అంతకుముందే తెలుసు. పోర్టర్ అనే నల్లబీరూ సముద్రం దాటి మనవైపు వచ్చింది. 1820ల నుంచి బర్టన్ పట్టణంవారు లండన్‌వారిని వెనక్కి నెట్టడంలో ముఖ్యమైన బలం జిప్సమ్ నిండిన అక్కడి బావినీరు. హాప్స్ ఎవరైనా కొనగలరు, ఆ నీరు అందరికీ దొరకదు. ఈనాడు మాత్రం చిటికెడు జిప్సమ్ మన చేతిలోని పనే, మన నీటిలో ముందే ఎంత ఉందో చూసుకుని వేస్తే.

"హాప్స్ లేనిదే ఐపీఏ ఏమిటయ్యా?" అంటారు. నిజమే. 1972లో విడుదలైన కాస్కేడ్ లేకుంటే అమెరికా ఐపీఏకు ఈ ముఖమే లేదు. కాని ఆ పరిమళాన్ని మింగేది గాలిలోని ఆక్సిజన్. పులిసిన బీరును చప్పుడు చేస్తూ మరో పాత్రలోకి ఒంపి, వాసన తగ్గిందని మళ్ళీ హాప్స్ కొనుక్కొచ్చేవారిని ఏమనాలి? నెలల తరబడి ఓడలో ప్రయాణించిందని చెప్పుకునే బీరు, మన అజాగ్రత్తకు వారాల్లోనే వెలిసిపోతోంది.

కనుక నా మనవి ఇది. వంటపత్రాన్ని దిద్దేముందు చేతిని దిద్దుకోండి. చేర్చేముందు తీసివేసి చూడండి. చూసినదల్లా పుస్తకంలో రాసుకోండి. హాప్స్ తప్పును కాసేపు కప్పగలవు, దిద్దలేవు. కాదనేవారు ముందు తమ ఉష్ణమాపకాన్ని మరిగే నీటిలో ముంచి, ఆ తరువాత వాదానికి రండి.